ఎడమ పక్క గీతలు

నవంబర్ 4, సోమవారం

బండి అమ్మేద్దామని ఈయన పొద్దున చాయ్ తాగుతూ అన్నాడు. సరే అన్నాను. అంత తేలిగ్గా ఒప్పుకుంటానని అనుకోలేదేమో, గ్లాసు పట్టుకుని కాసేపు నా మొహమే చూశాడు. పెద్దకొడప్‌గల్ నుంచి బాలమల్లు అనే అతను కార్తీక పౌర్ణమి దాటిన ఆదివారం వచ్చి చూస్తాడట. అతని బిడ్డకు కాలేజీకి పోవడానికి స్కూటీ కావాలట.

"గా ఎడమ పక్క గీతలు జర పోయేటట్టు చెయ్యి వినీతా. చూడనీకి మంచిగ లేదు" అన్నాడు.

చూడడానికి బాగాలేదు కాబట్టే కదా రెండు నెలలుగా దాని మీద పాత చీర కప్పి పెట్టింది.

ఇది లింగంపేటలో, మెడికల్ షాపులో కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నం అన్నాల వేళ దాటితే దగ్గు మందుకు కూడా ఎవరూ రారు. మందుల కంపెనీవాళ్లు ఇచ్చిన పోయినేటి డైరీ ఇది. వారాలు కొట్టేసి రాసుకోవాలి. బండి ఉన్నప్పుడు ఎల్లారెడ్డిలో ఇంట్లో పని ముగించుకుని వేళకు వచ్చి షట్టర్ తీసేదాన్ని. ఇప్పుడు బస్సు ఎప్పుడొస్తే అప్పుడే. ఓనరు చక్రధర్ సార్ ఏమీ అనడు. గోడ గడియారం వైపు చూస్తాడు. అనేస్తేనే నయం. బండి పోతే ఈ పనీ పోతుందని ఈయనకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం చాయ్ తాగేసి లేచాం.

సరే, రాసేస్తాను. ఎవరు చదువుతారు గనక. సెప్టెంబరులో ఊరి బయట కంకర పోసిన మలుపు దగ్గర బండి మీంచి పడ్డాను. ఐదో నెల. కామారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయారు. కడుపు పోయింది. డాక్టరమ్మ నాకూ ఈయనకూ విడమరిచి చెప్పింది. పడడం వల్ల పోలేదట, అంతకు ముందే లోపల ఆగిపోయిందట, నొప్పి వచ్చి కళ్లు తిరిగాయి కాబట్టే పడ్డానట.

అత్తమ్మ మాత్రం ఆసుపత్రి వరండాలో ఒకటే మాట అంది. "బండే మింగింది." అంతే. ఆ తర్వాత నాతో మాటలు లేవు.

నవంబర్ 5

టూత్‌పేస్టుతో రుద్దాను. ఫోన్లో ఎవరో చూపించారు. బండికి పుదీనా వాసన వచ్చింది.

నవంబర్ 6, బుధవారం

ఇవాళ కొబ్బరినూనె. రాసినంత సేపూ మెరిసింది. గీతలు నిజంగానే కనిపించలేదు. నేను సంబరపడి చేతులు కడుక్కుని వచ్చేసరికి వాకిట్లో దుమ్మంతా దాని మీదే వాలింది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని ఊరికే అనలేదు.

పక్కింటి భూమక్క బీడీల చాట పట్టుకుని రోజూ మా గుమ్మం కడప దగ్గరికే వస్తుంది. అత్తమ్మా ఆవిడా ఎదురెదురుగా కూర్చుని చీకటి పడేదాకా బీడీలు చేస్తారు. నన్ను చూసి భూమక్క నవ్వింది.

"ఏంది పిల్లా, బండికి తలంటు పోస్తున్నవా? కుంకుడుకాయలు కొట్టియ్యాల్నా?"

నాకూ నవ్వొచ్చింది. అత్తమ్మ నవ్వలేదు. తునికాకు కత్తిరిస్తూ, కత్తెర ఆపకుండా, గీతల వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఇంకా అమ్మలేదేం అని ఆ చూపు.

నవంబర్ 7

ఇవాళ గీతలు పెద్దగా కనిపించలేదు. మబ్బు పట్టింది.

నవంబర్ 8, శుక్రవారం

మా అత్తమ్మ పోచవ్వ నాతో మాట్లాడదు గానీ గోడతో మాట్లాడుతుంది. "అన్నం వండిన, తినేటోళ్లు తినొచ్చు" అని గోడకు చెబుతుంది. "నీళ్లొస్తున్నయి, పట్టేటోళ్లు పట్టొచ్చు" అని కోడికి చెబుతుంది. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు అలసటగా ఉంది. గోడతో మాట్లాడే మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా కొంత ఓపిక కావాలి కదా. అత్త మంచీ వేము తీపీ ఉండవని మా అమ్మ అంటే, మా అత్తమ్మ అలా కాదని పెళ్లయిన కొత్తలో గొప్పలు చెప్పేదాన్ని. నా కడుపు పండిందని తెలిసినప్పుడు ఆవిడ తంబాకు చాట నా దగ్గర పెట్టనిచ్చేది కాదు. ఆ ఘాటు నాకు తగలకూడదని పెరట్లో ఎండలో కూర్చుని బీడీలు చేసింది.

గీతలు పోగొట్టేది అమ్మడానికే. మంచి సామాను మంచిగా కనిపించాలి. అమ్మడానికే.

నవంబర్ 10, ఆదివారం

నూనెలూ పేస్టులూ ఇక చాలని ఈయన నిన్న సాయంత్రం స్క్రూలు విప్పి ఎడమ పక్క ప్యానెల్ ఊడదీసి ఇచ్చాడు. కామారెడ్డిలో రాజేశం అని కార్లకు పెయింటింగ్ చేసే అతను ఉన్నాడట, తెలిసినవాడట. ఈయనకు రైస్‌మిల్లులో ఆదివారం కూడా లారీ తోలే పని పడింది. నేనే బస్సెక్కాను.

మళ్లీ గీతలు పడకూడదని ప్యానెల్‌ను తువ్వాలులో చుట్టి, పైన చున్నీ కప్పి, రెండు చేతుల మీద పట్టుకున్నాను. బస్సు కిక్కిరిసి ఉంది. తాడ్వాయి దాటాక ఒక ముసలవ్వ లేచి నిలబడింది.

"కూసో బిడ్డా. సంటిపిల్లతోని ఎంతసేపు నిలవడ్తవ్?"

కాదు అవ్వా, ఇది బండి ప్లాస్టిక్ ముక్క అని చెప్పాలి. చెప్పలేదు. కూర్చున్నాను. ఒళ్లో పెట్టుకున్నాను.

"మొఖం మీద బట్ట తియ్యి, జర గాలాడనియ్యి" అంది.

"పండుకున్నది" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ముసలవ్వ మంచిదని తల ఊపి, చప్పుడు చేయొద్దని పక్కనున్న కాలేజీ పిల్లలను గదమాయించింది. ఆసుపత్రి ముందు నుంచి బస్సు పోయింది. నేను ఆ వైపు చూడకుండా ఒళ్లోకి చూసుకున్నాను. కామారెడ్డి బస్టాండులో దిగేటప్పుడు ఆవిడ చున్నీ మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు" అంది. అక్కడే నిలబడి చచ్చిపోవాలనిపించింది. ఇది రాయకూడదనుకున్నాను. రాసేశాను.

రాజేశం షెడ్డు స్టేషన్ రోడ్డులో ఉంది. మనిషి పల్లీలు తింటూ ప్యానెల్‌ను ఎండకు పట్టుకుని తిప్పి చూశాడు.

"గోరు పెట్టి గీతకు అడ్డంగ లాగు. గోరు జారితె పోతది. గోరు ఆగితె నా తాతొచ్చినా పోదు" అన్నాడు.

మూడు గీతలు. రెండింటి మీద గోరు జారింది. మూడోదాని దగ్గర ఆగింది. మళ్లీ లాగాను, మళ్లీ ఆగింది.

"పెట్టిపో. నాకు కార్లున్నయి. రేపొచ్చి తీస్కపో."

వదిలి రావడానికి చేతులు రాలేదు. రేపు రాలేనన్నాను, నిజానికి రాగలను. అతను విసుక్కుని, వాటర్ పేపర్ అనే గరుకు కాగితం ముక్కలు రెండు రకాలవీ, చిన్న డబ్బాలో పాలిష్ కాంపౌండూ నా ముందు పడేశాడు. నీళ్లలో సబ్బు కలిపి, పేపర్ తడుపుతూ మెల్లగా రుద్దాలట. పైనున్నది పల్చటి కోటింగ్, ఎక్కువ గీకితే రంగే లేచిపోతుందట. "పొడిగ రుద్దినవో, ఇగ గంగల కలిసినట్టే" అని తన కారు దగ్గరికి పోయాడు.

నాలుగు రుద్దులు రుద్దేసరికి ఉన్న మెరుపు కూడా పోయి, అంతా తెల్లగా, బూజు పట్టినట్టు అయింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. రాజేశాన్ని పిలిస్తే "గట్లనే అయితది, రుద్దు" అని అక్కణ్ణుంచే అరిచాడు. రుద్దాను. సన్న పేపర్‌తో రుద్దాను. మెత్తటి గుడ్డకు కాంపౌండ్ అద్ది, గుండ్రంగా, చెయ్యి పడిపోయేదాకా రుద్దాను. వేరే ఏ ఆలోచనా రాలేదు. ఈ రెండు నెలల్లో ఏ ఆలోచనా లేకుండా ఉన్నది అప్పుడే.

మెరుపు మెల్లగా వచ్చింది. ముదురు ఎరుపు మీద షెడ్డు రేకులు కనిపించాయి, తర్వాత నా మొహం కనిపించింది. బాగా చిక్కిపోయాను. రెండు గీతలు పోయాయి. మూడోది ఉంది, సన్నగా, తెల్లగా.

నవంబర్ 12, మంగళవారం

ఈయన ప్యానెల్ బిగించాడు. చీర తీసేసి బండిని వాకిట్లో నిలబెట్టాం. ఫోటోలు తీసి బాలమల్లుకు పంపించాడు. పెళ్లిచూపుల పిల్లలా ఉంది.

ఈయన లోపలికి పోయాక దాని మీద కూర్చున్నాను. తాళం తిప్పితే మొదటి ఊపుకే స్టార్టయింది. ఎక్కడికీ పోలేదు. అత్తమ్మ కడప దగ్గర నుంచి చూస్తూనే ఉంది. ఆపేశాను.

నవంబర్ 13

అమ్మడానికే.

నవంబర్ 14, గురువారం

అత్తమ్మ బండిని తోమేసింది.

నవంబర్ 15, శుక్రవారం, పౌర్ణమి

నిన్న అంతకంటే రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పండగకు తోమిన ఇత్తడి సామాను అంతా వాకిట్లో ఎండకు బోర్లించి ఉంది. బిందెలు, చెంబులు, దీపాల కుందులు, అన్నీ బంగారంలా ఉన్నాయి. వాటి పక్కన బండి. తడిగా ఉంది. ఆ తడి ఆరినచోటల్లా మెరుపు లేదు. ఎడమ పక్క మొత్తం, ముందు భాగం, కుడి పక్క కూడా, అంతా తెల్లటి సుడులు సుడులుగా గీసుకుపోయి ఉంది. కింద చింతపండు పిప్పి, బూడిద, కొబ్బరి పీచు. బిందె తోమినట్టే తోమింది. ఒక్క గీత ఉన్నచోట ఇప్పుడు లెక్కలేనన్ని.

అత్తమ్మ మోచేతుల దాకా బూడిదతో నిలబడి ఉంది.

"తోమిన" అంది. గోడతో కాదు, నాతోనే. రెండు నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

నేను అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కావాల్ననే చేసినవ్. నేను మల్ల ఎక్కుతననే గద. ఇగ సల్లవడ్డదా నీ కడుపు?" అన్నాను. కడుపు అనే మాట నోట్లోంచి వచ్చాక ఏమన్నానో తెలిసింది. వెనక్కి తీసుకోలేదు. ఆవిడ పీచు అక్కడే పడేసి లోపలికి పోయింది.

ఈయన వచ్చి బండి చూసి తల పట్టుకున్నాడు. "అవ్వ కావాల్నని చెయ్యది వినీతా" అన్నాడు. మరి? వెతికి వెతికి దాన్నే తోమడమేమిటి? ఇంట్లో బీరువా ఉంది, కిటికీలున్నాయి, వాటిని తోమొచ్చు కదా. బండిని మాత్రమే తోమింది. మింగిన బండి కదా, దాని పని పట్టింది.

ఇవాళ అందరూ దీపాలు పెట్టారు. నేను పెట్టలేదు. అత్తమ్మ పెట్టిందో లేదో చూడలేదు.

నవంబర్ 16

బాలమల్లుకు ఫోన్ చేసి వద్దని చెప్పమన్నాను. ఈయన చేయలేదు. వచ్చి చూసి వాడే వద్దంటాడులే అన్నాడు. ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పరు.

నవంబర్ 17, ఆదివారం

వరసగా రాస్తాను. మర్చిపోతానని కాదు.

బాలమల్లు అన్నాల వేళకు ముందే వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో తువ్వాలు, మర్యాదగల మనిషి. బండి చుట్టూ తిరిగాడు. కింద కూర్చుని చేత్తో తడిమాడు.

"గిదేందన్నా, బర్రె తోలు లెక్కున్నది? ఫోటోల అద్దం లెక్క మెరుస్తుండె గద."

ఈయన సీటు మీద తట్టాడు. "ఇంజన్ మంచిగున్నది. పైపైన గదొక్కటే" అన్నాడు. పాలిష్ పెడితే మళ్లీ వస్తుందని, కామారెడ్డిలో మనిషి ఉన్నాడని ఏదేదో చెబుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. అతను వద్దంటే బాగుండునని మొదటిసారి నాకు నేను ఒప్పుకున్నాను. అమ్మడానికి కాదు. ఒక్కరోజు కూడా అమ్మడానికి రుద్దలేదు.

అప్పుడు అత్తమ్మ చాట పక్కన పెట్టింది.

"ఎవలు అమ్ముతుండ్రు?"

"అవ్వా, నువ్వు ఊకో" అన్నాడు ఈయన.

"ఊకున్నన్ని దినాలు ఊకున్న. ఎవల బండిని ఎవలమ్ముతుండ్రు? నువ్వెక్కి నౌకరికి పోయినవా దాని మీద?"

ఈయన బిత్తరపోయాడు. "బండి మింగిందన్నది నువ్వే గద అవ్వా."

"అన్న. అనకుంటె ఊరోళ్లు ఎవలనంటుండె? పిల్లనే అంటుండె. ఐదో నెలల బండెక్కి తిరిగింది, దీనికేం పుట్టింది అని. బండికి నోరు లేదు, అంటె పడ్తది. అందుకే దాన్నన్న."

ఇది నిజమో, అప్పటికప్పుడు అల్లుకుందో నాకు తెలియదు. ఆవిడకూ తెలియదేమో. నిజమే అనుకోవాలని ఉంది.

"మరి గట్ల గీకి పెట్టినవేంది?" అన్నాడు ఈయన.

"గీకలె. తోమిన." అత్తమ్మ గొంతు మొదటిసారి తగ్గింది. "గీతలున్నయనే గద అమ్ముతనంటివి. పిల్ల కామారెడ్డి దాక పోయి రెండు పోగొట్టుకొచ్చె. ఒక్కటి మిగిలె. గదొక్కటి గూడ పోతె నువ్వు అమ్మవనుకున్న. మసి వట్టిన బిందె తోమితె తెల్లగయితది. గిది తోమినకొద్ది గిట్లయితదని నాకేమెర్క? ఇంక జర తోమితె వస్తదేమో, ఇంక జర తోమితె వస్తదేమో అని తోమిన."

బండి అంతా ఎందుకు అలా అయిందో అప్పుడు అర్థమైంది. ఒక పక్క పాడవుతుంటే రెండో పక్కనూ దానితో సమానం చేయాలని చూసింది. కోపంతో తోమిన చెయ్యి అలా చుట్టూ తోమదు. ఆ మాట గురువారమే నాకు తట్టి ఉండాల్సింది.

తర్వాత నా వైపు తిరిగింది.

"బండి పోతె నౌకరి పోతది. నౌకరి పోతె చాట వట్టుకుంటవ్. నా నడుము చూసినవా? ఇద్దరం గీ కడపల కూసోని ఒకల మొఖం ఒకలం చూస్కుంట సద్దామా?"

బాలమల్లు లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "నేను పోయొస్త అన్నా" అన్నాడు. "చాయ్ తాగిపో బిడ్డా, ఎండల వడి వచ్చినవ్" అని అత్తమ్మే ఆపింది. పాపం, ఆ మనిషి ఎక్కడ చూడాలో తెలియక చాయ్ గ్లాసులోకే చూస్తూ తాగాడు. ఈయన అతన్ని బస్టాండు దాకా దిగబెట్టడానికి వెంట నడిచి పోయాడు. బండి మీద దిగబెట్టొచ్చని ఇద్దరికీ తోచలేదు.

నేను బకెట్లో నీళ్లు తెచ్చి, మిగిలిన వాటర్ పేపర్ తీసుకుని ఎడమ పక్కన కూర్చున్నాను. నిజానికి ఓపిక లేదు. ఊరికే చేతులకు పని కావాలి. అత్తమ్మ కాసేపు అక్కడే నిలబడి, తర్వాత వచ్చి నా పక్కన కింద కూర్చుంది. పేపర్ ముక్క ఒకటి అడిగి తీసుకుంది. "తడిపి రుద్దాలె అత్తమ్మా, మెల్లగ" అని చెప్పాను. బీడీ చుట్టినంత నెమ్మదిగా, వేలి కొసలతో రుద్దింది. చాలాసేపు ఇద్దరం రుద్దాం.

"ఆడపిల్లనా, మొగపిల్లగాడా?" అంది, చేతి పని ఆపకుండా.

ఎవరి సంగతి అడుగుతోందో మొదట అర్థం కాలేదు.

"ఆస్పత్రిల నాకు చూపియ్యలె. బట్టల చుట్టి పట్కపోయిండ్రు. కొడుకునడిగితె లేచి బయటికి పోయిండు. నిన్నడుగుదమంటె నాకు నోరు రాలె. అడగకుండ ఏం మాట్లాడాలె నీతోని? ఏం మాట్లాడినా గదే వస్తది నోట్లకు."

"ఆడపిల్ల" అన్నాను.

పైకి అనడం అదే మొదటిసారి. ఇందులో కూడా రాయలేదు.

"నువ్వు చూసినవా?"

"చూసిన."

"ముక్కెవల లెక్కున్నది?"

అరచేతిలో పట్టేంత మొహం. నర్సు వద్దన్నా చూశాను. ఎవరైనా అడుగుతారని, అడిగితే చెప్పాలని, ఇన్నాళ్లూ ఒక్క వివరమూ పోకుండా దాచుకున్నాను. ఎవరూ అడగలేదు.

"నీ లెక్కనే అత్తమ్మా. కొస జర మొద్దుగ, గట్లనే."

అత్తమ్మ తడి చెయ్యి తీసి తన ముక్కు మీద పెట్టుకుంది. ఒక్కసారిగా గొంతెత్తి ఏడ్చింది. ఎవరైనా పోయినప్పుడు ఏడ్చే ఏడుపు అది. మా ఇంట్లో ఇన్ని రోజులూ ఎవరూ ఏడవని ఏడుపు. నేను ఆవిడ భుజం మీద తల పెట్టాను, నాకూ ఆగలేదు.

గోడ అవతల నుంచి భూమక్క కంగారుగా అరిచింది. "ఏమైందే పోచవ్వా? ఎవలకేమైందే?"

"నా మనుమరాలు సచ్చిపోయిందే, భూమీ" అని అత్తమ్మ కేకేసి చెప్పింది.